నవంబర్ 11నే ఆస్ట్రేలియాలో ఇన్ని జరిగాయేంటి? ఏదైనా లింక్ ఉందా, ఊరికే కలిసొచ్చిందా?

తణుకు టు తుల్లామరీన్:

నమస్తే అండి అందరికీ. చిన్న సాయం కావాలి. చిన్నదే అనుకుని మొదలుపెట్టా గానీ తవ్వేకొద్దీ పెరిగిపోతోంది. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం, మా అమ్మాయికి స్కూల్లో హిస్టరీ ప్రాజెక్ట్ ఇచ్చారు. ఆస్ట్రేలియా చరిత్రలో ఒకే తేదీన వేరే వేరే ఏళ్లలో జరిగిన సంఘటనలు తీసుకుని, వాటికీ వాటికీ ఏమైనా సంబంధం ఉందా లేదా అని రాయాలంట. క్లాసులో చాలామంది జనవరి 26 (ఇక్కడి ఆస్ట్రేలియా డే) పట్టేసుకున్నారు, ఆ తేదీ మీద గొడవ ఎలాగూ ప్రతి ఏడాదీ టీవీలో చూస్తూనే ఉంటాం కదా. మాది మాత్రం నవంబర్ 11 కావాలని పట్టుబట్టింది.

సరే అని చూస్తే మూడు వెంటనే దొరికాయి. 1880లో నెడ్ కెల్లీని ఉరి తీసింది నవంబర్ 11న. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది నవంబర్ 11న. 1975లో ప్రధానమంత్రి గాఫ్ విట్లమ్‌ని గవర్నర్ జనరల్ (బ్రిటన్ రాణి తరఫున ఇక్కడుండే ప్రతినిధి) పీకేసింది కూడా నవంబర్ 11నే. ఒక దొంగ, ఒక యుద్ధం, ఒక ప్రధాని, మూడింటికీ ఎక్కడ ముడి పడుతుందో నాకైతే తెలియట్లేదు. మా ఆయన్ని అడిగితే "ఏముంది, కాకతాళీయం అని రాసి ఇచ్చేయమను" అంటున్నారు, అదొక్క మాట రాస్తే టీచర్ మార్కులు వేస్తుందా చెప్పండి. ఇక్కడ హిస్టరీ తెలిసినవాళ్లు ఉంటే కాస్త చెప్పరూ. పిల్లకి అర్థమయ్యేట్టు ఉంటే చాలు, పీహెచ్‌డీ అక్కర్లేదు.

---

లైబ్రరీ మెట్లు:

అక్కా, మీరు మెల్‌బోర్న్‌లోనే ఉన్నారు కాబట్టి అమ్మాయిని తీసుకుని ముందు స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో స్టేట్ లైబ్రరీకి వెళ్లండి. బయట ఒక పెద్ద కంచు విగ్రహం ఉంటుంది. అందరూ దాని చుట్టుపక్కల కూర్చుని లంచ్ చేస్తుంటారు గానీ ఎవరిదా అని తలెత్తి చూసేవాళ్లు తక్కువ. ఆయన సర్ రెడ్మండ్ బ్యారీ, ఆ లైబ్రరీ పెట్టించినవాడు, మెల్‌బోర్న్ యూనివర్సిటీకి మొదటి చాన్సలర్, జడ్జి కూడా. నెడ్ కెల్లీకి ఉరిశిక్ష వేసింది ఈయనే. ఇప్పుడు లోపలికి వెళ్తే, ఆయన పెట్టిన ఆ లైబ్రరీలోనే నెడ్ కెల్లీ ఇనప కవచం అద్దాల పెట్టెలో ఉంటుంది. జడ్జి ఎండావానల్లో బయట, దొంగ ఏసీలో లోపల!

కవచం గురించి ఒక్క నిమిషం, ఎందుకంటే పిల్లలకి నచ్చేది అదే. నాగలి రెక్కలు, అంటే దున్నేటప్పుడు మట్టిని తిరగేసే ఆ ఇనప పలకలు, వాటిని కాల్చి వంచి చేసుకున్నారు. నెడ్‌ది సుమారు 44 కిలోలు. నెత్తి మీద బొక్కెన బోర్లించినట్టు హెల్మెట్, చూడ్డానికి ఒక చీలిక అంతే. దగ్గరగా చూస్తే తుపాకీ గుండ్లు తగిలిన సొట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాళ్లకి మాత్రం ఏ రక్షణా లేదు, 1880 జూన్ 28 తెల్లవారుజామున గ్లెన్‌రోవన్‌లో పోలీసులు ఆ కాళ్ల మీదే కాల్చి పడగొట్టారు. అసలు ఆ రోజు నెడ్ ముఠా ప్లాన్ పోలీసులొచ్చే స్పెషల్ ట్రైన్‌ని పట్టాలు తప్పించడం, ముందే పట్టాలు ఊడదీయించారు కూడా. థామస్ కర్నో అనే స్కూల్ టీచర్ వాళ్ల చెర నుంచి ఎలాగో బయటపడి, కొవ్వొత్తి వెలుగుకి ఎర్ర గుడ్డ అడ్డం పట్టుకుని ట్రాక్ మీద నిలబడి ట్రైన్ ఆపించాడు. లేకపోతే కథ వేరే.

అతను దొంగా హీరోనా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. ఇక్కడ చేతికి అతని బొమ్మ టాటూ వేయించుకున్నవాళ్లని చూస్తాం, అదే ఊళ్లో అతని పేరెత్తితే మండిపడే పోలీసు కుటుంబాలూ ఉంటాయి. నా వరకు ముగ్గురు పోలీసులు చచ్చిపోయారన్నది ముందు చెప్పి తర్వాత మిగతాది మాట్లాడాలి. 1878 అక్టోబర్‌లో స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర కెన్నెడీ, లోనిగన్, స్కాన్లన్ అనే ముగ్గుర్ని చంపారు, ఉరి పడింది లోనిగన్ హత్యకి. అలాగని అంతా ఒకవైపే అనీ కాదు, తండ్రి ఐర్లండ్ నుంచి శిక్ష పడి ఓడలో వచ్చిన ఖైదీ, చిన్న రైతులకీ పెద్ద భూస్వాములకీ మధ్య పడేది కాదు, పోలీసులు పెద్దోళ్ల వైపే ఉన్నారని వాళ్ల కోపం. శిక్ష తగ్గించమని 30,000 మందికి పైగా సంతకాలు పెట్టారు, అప్పటి మెల్‌బోర్న్ జనాభా గుర్తుపెట్టుకుని చదవండి ఈ అంకె. ఉరి తీసేటప్పుడు వాళ్లమ్మ ఎలెన్ అదే జైల్లో శిక్ష అనుభవిస్తోంది. నెడ్ వయసు అప్పటికి 25.

శిక్ష వేసినప్పుడు కోర్టులో జడ్జికీ ఇతనికీ మాటామాటా పెరిగింది, చివర్లో నెడ్ "నేను పోయే చోటికి నువ్వూ వస్తావు, అక్కడ కలుద్దాం" అన్న అర్థంలో ఒక మాట విసిరాడు. ఉరి నవంబర్ 11న. జడ్జి బ్యారీ నవంబర్ 23న పోయాడు, సరిగ్గా 12 రోజులకి. మన దగ్గరైతే దీనికి ఈపాటికి గుడి కట్టేవాళ్లు. ఉరికొయ్య దగ్గర "సచ్ ఈజ్ లైఫ్" అన్నాడని టీషర్టుల మీద వేస్తారు కదా, అది మాత్రం ప్రాజెక్ట్‌లో ఖాయంగా అన్నాడని రాయించకండి, ఆ రోజు పేపర్లే ఒక్కోటి ఒక్కోలా రాశాయి.

ఇంక అసలు పాయింట్. మీ లిస్టులో లేని నవంబర్ 11 ఒకటుంది, 1854ది. విక్టోరియా కాలనీలోని బల్లారట్‌లో బంగారం తవ్వుకునే కూలీలు బేకరీ హిల్ మీద దాదాపు 10,000 మంది మీటింగ్ పెట్టి బల్లారట్ రిఫార్మ్ లీగ్ అని మొదలుపెట్టారు. బంగారం దొరికినా దొరక్కపోయినా లైసెన్స్ ఫీజు కట్టాలి, ఓటు మాత్రం లేదు. అందుకని మగవాళ్లందరికీ ఓటు కావాలి, లైసెన్స్ తీసేయాలి అని ఒక చార్టర్ రాసుకున్నారు. సర్కారు వినలేదు, మూడు వారాలకి, డిసెంబర్ 3న యురేకా స్టాకేడ్ (కూలీలు అడ్డంగా కట్టుకున్న కర్రల కోట) దగ్గర కాల్పులు, ఇరవై మందికి పైగా కూలీలు పోయారు. తర్వాత 13 మంది మీద రాజద్రోహం కేసు పెడితే జ్యూరీ అందర్నీ వదిలేసింది. ఆ కేసుల్లో కొన్నింటికి జడ్జిగా కూర్చున్నది ఎవరు? ఇదే రెడ్మండ్ బ్యారీ.

అంటే 1854కీ 1880కీ ముడి ఆ కంచు విగ్రహం. తేదీ కలవడం వేరు, మనిషి కలవడం వేరు. అమ్మాయిని ఇది రాయమనండి.

---

ఎన్టీవోడి ఫ్యాన్ 83:

పైన అన్న బాగా చెప్పాడు. నేను విట్లమ్ సంగతి చెప్తా, ఎందుకంటే ఇది మన తెలుగోళ్లకి అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదు. 1984 ఆగస్టు 16 గుర్తుందా? గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీఆర్‌ని గవర్నర్ రామ్‌లాల్ పీకేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టాడు. ఆస్ట్రేలియాలో అదే సినిమా తొమ్మిదేళ్ల ముందు ఆడింది, క్లైమాక్స్ మాత్రం వేరే.

కథ ఇది. విట్లమ్ లేబర్ పార్టీ, 1972 డిసెంబర్‌లో గెలిచాడు, అప్పటికి ఆ పార్టీ 23 ఏళ్లుగా ప్రతిపక్షంలో ఉంది. వచ్చీరాగానే నిర్బంధ సైనిక భర్తీ ఎత్తేశాడు, యూనివర్సిటీ ఫీజులు తీసేశాడు, మెడిబ్యాంక్ (అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా) పెట్టాడు, తెల్లోళ్లకే ఈ దేశం అనే వైట్ ఆస్ట్రేలియా పాలసీకి మిగిలిన ఆనవాళ్లు కూడా 1973లో తుడిచేశాడు. ఇప్పుడు మనం పాయింట్లు లెక్కేసుకుని పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) వేసుకుంటున్నామంటే ఆయన ప్రభుత్వం తీసేసిన ఆ అడ్డు కూడా ఒక కారణం. కానీ పాలన గందరగోళంగా ఉండేది, అదీ ఒప్పుకోవాలి. ధరలు మండిపోయాయి, మంత్రులు మారుతూ ఉండేవాళ్లు, రెక్స్ కానర్ అనే మంత్రి ట్రెజరీని పక్కన పెట్టి ఒక బ్రోకర్ ద్వారా 400 కోట్ల డాలర్ల అప్పు తేవాలని చూసి పరువు తీశాడు.

కింది సభలో విట్లమ్‌కి మెజారిటీ ఉంది, పై సభ సెనేట్‌లో లేదు. మధ్యలో ఒక లేబర్ సెనేటర్ చనిపోయాడు, ఆ సీటుని అదే పార్టీ వాళ్లతో నింపడం ఆనవాయితీ. క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్ర ప్రీమియర్ (మన సీఎం లాంటోడు) బ్యెల్కే పీటర్సన్ ఆ ఆనవాయితీని గాలికొదిలేసి విట్లమ్ అంటే పడనివాణ్ణి పట్టుకొచ్చి పంపాడు. (మన ఫిరాయింపులు చూసినోళ్లకి ఇదేం వింత కాదు, కానీ వాళ్లకి ఎంత షాకంటే 1977లో రెఫరెండం పెట్టి రాజ్యాంగమే మార్చుకున్నారు, ఖాళీ అయిన సెనేట్ సీటు అదే పార్టీకి ఇవ్వాలని.) ఇంకేముంది, ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ ఫ్రేజర్ అక్టోబర్‌లో సెనేట్‌లో బడ్జెట్ బిల్లు ఆపేయించాడు, ఎన్నికలు పెడితేనే వదుల్తా అన్నాడు. విట్లమ్ పెట్టనన్నాడు. ఖజానాలో డబ్బు నవంబర్ చివరి దాకే.

గవర్నర్ జనరల్ సర్ జాన్ కెర్, విట్లమ్ ఏరికోరి వేయించినవాడే. నవంబర్ 11 మధ్యాహ్నం ఒంటిగంటకి విట్లమ్ సెనేట్‌లో సగానికి ఎన్నికలు పెడదామని కాగితం జేబులో పెట్టుకుని గవర్నమెంట్ హౌస్‌కి వెళ్లాడు. ఆ కాగితం తీసే లోపే కెర్ డిస్మిస్ చేస్తున్నా అని ఉత్తరం చేతిలో పెట్టాడు. అప్పటికే ఫ్రేజర్ అదే బిల్డింగ్‌లో ఇంకో రూములో కూర్చుని ఉన్నాడు, కారు విట్లమ్ కంట పడకుండా పక్కకి పెట్టించారు. విట్లమ్ బయటికొచ్చి ఏం చేశాడో తెలుసా, ఇంటికెళ్లి స్టేక్ తిన్నాడు! తింటూ కింది సభలో ఏం చేయాలో ప్లాన్ వేశాడు గానీ సెనేట్‌లో ఉన్న సొంత పార్టీ వాళ్లకి ఫోన్ చేసి చెప్పాలని తట్టలేదు. వాళ్లకి సంగతి తెలియక, ప్రతిపక్షం దిగొచ్చిందనుకుని రెండున్నర లోపే బడ్జెట్ పాస్ చేయించేశారు. ఎవరికి? ఫ్రేజర్‌కి. వాళ్ల చేత్తోనే తాంబూలం ఇచ్చి పంపినట్టయింది.

తర్వాత కింది సభ ఫ్రేజర్ మీద అవిశ్వాసం నెగ్గించింది, స్పీకర్ ఆ తీర్మానం పట్టుకుని వెళ్తే కెర్ ఆయన్ని ఆపి ఉంచి ఈలోగా పార్లమెంటే రద్దు చేసేశాడు. పావు తక్కువ ఐదుకి పార్లమెంటు మెట్ల మీద కెర్ సెక్రటరీ రద్దు ప్రకటన చదివి చివర్లో "దేవుడు రాణిని కాపాడుగాక" అన్నాడు. వెనకే నిలబడ్డ విట్లమ్ మైకు అందుకుని రాణిని కాపాడితే కాపాడతాడేమో గానీ ఈ గవర్నర్ జనరల్‌ని మాత్రం ఏదీ కాపాడలేదు అని వాయించాడు. యూట్యూబ్‌లో ఉంది, మీ అమ్మాయికి చూపించండి, మనిషి ఎత్తూ గొంతూ చూస్తే అర్థమవుతుంది.

ఇక్కడే మన కథకీ వాళ్ల కథకీ తేడా. ఎన్టీఆర్ ఎమ్మెల్యేల్ని వెంటేసుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టాడు, జనం రోడ్డెక్కారు, సరిగ్గా నెలకి సెప్టెంబర్ 16న మళ్లీ సీఎం. విట్లమ్ కోసం కూడా జనం రోడ్డెక్కారు, ఆయన మీ కోపం చల్లారనివ్వకండి అన్నాడు, కానీ డిసెంబర్ 13న ఎన్నికలు పెడితే ఫ్రేజర్ 127 సీట్లలో 91 కొట్టాడు. కెర్ చేసింది తప్పని తిట్టినోళ్లే వెళ్లి విట్లమ్‌ని ఓడించారు. నాకు ఇప్పటికీ ఆ ఓటు అర్థం కాదు.

---

తణుకు టు తుల్లామరీన్:

బాబోయ్, ఇది నిజంగా సినిమాలానే ఉంది. ఆ స్టేక్ సంగతి విని మా అమ్మాయి నవ్వుతూనే ఉంది, మొదటి లైన్‌లో అదే రాస్తానంటోంది. రెండు డౌట్లు. ఒకటి, లండన్‌లో రాణికి ముందే తెలుసా? రెండు, కెర్ ఆ తేదీ కావాలని పెట్టుకున్నాడా? రిమెంబ్రెన్స్ డే (యుద్ధంలో పోయినవాళ్లని తలచుకునే రోజు) అని తెలిసి కూడానా?

---

ఎన్టీవోడి ఫ్యాన్ 83:

మొదటిదానికి చెప్తా. కెర్‌కీ ప్యాలెస్‌కీ మధ్య నడిచిన ఉత్తరాలు దశాబ్దాలు తాళం వేసి ఉంచారు, జెన్నీ హాకింగ్ అనే చరిత్రకారిణి హైకోర్టు దాకా పోరాడి గెలిస్తే 2020 జూలైలో బయటపెట్టారు. ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లెవెల్, కన్‌ఫ్యూజ్ అవ్వకండి. రాణికి ముందుగా తెలియకపోవడమే మంచిదని అనుకున్నట్టు కెర్ స్వయంగా రాశాడు. కానీ తీసేసే అధికారం గురించి అంతకుముందు నెలల తరబడి రాణి సెక్రటరీతో ఉత్తరాలు నడిచాయి. కాబట్టి ఒకరు చదివి రాణికి సంబంధం లేదంటారు, ఇంకొకరు అవే చదివి ధైర్యం ఇచ్చింది వాళ్లే అంటారు. రెండోదానికి వేరేవాళ్లు చెప్పండి.

---

కాన్‌బెర్రా చలి:

1918 గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను అందుకుంటా. మేడమ్, మీ లిస్టులో ఇంకో మూడు నవంబర్ 11లు కలపండి, 1934, 1941, 1993. ఈ మూడూ అనుకోకుండా పడ్డవి కావు, 1918 వల్ల కావాలని పెట్టుకున్నవి. అంటే సంబంధం ఉన్నవి ఏవీ అంటే ముందు ఇవే.

అప్పటి ఆస్ట్రేలియా జనాభా 50 లక్షలు కూడా లేదు, అందులో 4 లక్షల పైచిలుకు సైన్యంలో చేరారు, 60,000 మందికి పైగా తిరిగి రాలేదు. నిర్బంధ భర్తీ పెడదామా అని రెండుసార్లు, 1916లో 1917లో ఓటు పెడితే రెండుసార్లూ జనం వద్దన్నారు, కాబట్టి వెళ్లినవాళ్లంతా తమంతట తాము వెళ్లినవాళ్లే. ఇంకోటి, నవంబర్ 11న ఉదయం 11 గంటలకి తుపాకులు ఆగినప్పుడు ఆస్ట్రేలియా కాల్బలం ఫ్రంట్‌లైన్‌లో లేదు. అక్టోబర్ మొదట్లో ఫ్రాన్స్‌లో మోంట్‌బ్రెహాన్ యుద్ధం అయ్యాక వెనక్కి పంపేశారు, అంతగా నలిగిపోయారు.

శవాలు అక్కడే ఉండిపోయాయి, ఇక్కడ అమ్మానాన్నలకి ఏడవడానికి ఒక సమాధి లేదు. అందుకే ఆస్ట్రేలియాలో ఏ చిన్న ఊరికెళ్లినా సెంటర్లో ఒక యుద్ధ స్మారకం కనపడుతుంది. మెల్‌బోర్న్‌లో ష్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ అందులో పెద్దది. 1934 నవంబర్ 11న అంకితం చేస్తే 3 లక్షల మంది దాటి వచ్చారు, ఊరి జనాభా పది లక్షలున్న రోజుల్లో, అదీ గ్రేట్ డిప్రెషన్ నుంచి ఇంకా తేరుకోకముందు.

దాని లోపల ఒక సంగతి చూపించాలి మీ అమ్మాయికి. మధ్యలో నేల కంటే కిందికి అమర్చిన ఒక రాయి ఉంటుంది, దాని మీద బైబిల్ వాక్యం. పైకప్పులో ఒక రంధ్రం పెట్టి, ప్రతి ఏడాదీ నవంబర్ 11న ఉదయం 11 గంటలకి సూర్యకిరణం ఒకటి వచ్చి ఆ రాయి మీద "లవ్" అనే మాట మీదుగా జరిగేలా లెక్కకట్టి కట్టారు. బానే ఉందా, 1971లో విక్టోరియాలో డేలైట్ సేవింగ్ వచ్చింది, గడియారం గంట ముందుకి జరిగింది. సూర్యుడు జరగడు కదా! గడియారంలో 11 అయ్యేసరికి ఆకాశంలో పదే. అందుకని ఇప్పుడు అద్దం పెట్టి కిరణాన్ని దారి మళ్లించి 11కి రాయి మీద పడేట్టు చేస్తారు. మిగతా రోజుల్లో వెళ్లినవాళ్లకి మామూలు లైట్‌తో చేసి చూపిస్తారు.

1941 నవంబర్ 11న మా కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ తెరిచారు. మొదటి యుద్ధం కోసం మొదలుపెట్టిన కట్టడం, తెరిచేసరికి రెండో యుద్ధం నడుస్తోంది, నెల తిరక్కుండా జపాన్ కూడా దిగింది.

1993 నవంబర్ 11ది నాకు అన్నిట్లోకి దగ్గరది. ఫ్రాన్స్‌లో వియే బ్రెటొన్నూ దగ్గర అడిలైడ్ సెమెటరీ అని ఉంది, అక్కడి నుంచి పేరు తెలియని ఒక ఆస్ట్రేలియా సిపాయి అవశేషాల్ని తెచ్చి వార్ మెమోరియల్‌లో సమాధి చేశారు. టాస్మానియా బ్లాక్‌వుడ్ పెట్టె, అందులో ఒక బాయొనెట్, వాటిల్ పూల రెమ్మ. ప్రధాని పాల్ కీటింగ్ ప్రసంగం చేశాడు, అతనెవరో మనకి తెలియదు, ఎప్పటికీ తెలియదు అని మొదలుపెట్టి, వాళ్లందరూ అతనే, అతను మనలో ఒకడు అన్నాడు. ఆ తర్వాత రాబర్ట్ కోంబ్ అనే మొదటి యుద్ధం నాటి ముసలాయన ఫ్రాన్స్‌లో యుద్ధం జరిగిన పొజియేర్ నుంచి తెచ్చిన మట్టి చల్లుతూ "ఇంటికొచ్చేశావ్ మేట్" అన్నాడు. అది ప్రోగ్రాంలో లేదు.

ఆ రోజు పువ్వు పెట్టడానికి జనం బారులు తీరి పేర్లు చెక్కిన గోడల పక్కన నిలబడ్డారు, ఆ కంచు పలకల మీద లక్ష దాటి పేర్లు. నిలబడి నిలబడి తమవాళ్ల పేరు వెతుక్కుని దాని పక్క సందులో ఎర్ర పాపీ పువ్వు గుచ్చడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. ఈరోజు మీరు వెళ్లినా గోడ నిండా ఎర్రగా ఉంటుంది, ఆ అలవాటు అక్కడ మొదలైంది.

---

లెక్కల మాస్టారు ఖమ్మం:

అమ్మా, చరిత్ర నా సబ్జెక్టు కాదు, రిటైరయ్యాక చదువుకుంటున్నా అంతే. కానీ లెక్క ఒకటి చెప్పాలి. ఏడాదిలో ఉన్నవి 366 తేదీలు, దేశం చరిత్ర రెండొందల చిల్లర ఏళ్లు రాసిపెట్టి ఉంది (అంతకుముందు వేల ఏళ్లది తేదీలతో రాయలేదు, అది వేరే మాట). ఏ తేదీ తీసుకున్నా ఆరేడు పెద్ద సంగతులు దొరుకుతాయి. మా అబ్బాయి పుట్టిన తేదీ ఇచ్చినా వెతికి పెడతాను. మన దగ్గర కూడా నవంబర్ 11 జాతీయ విద్యా దినోత్సవం, మౌలానా ఆజాద్ పుట్టినరోజు, దానికీ నెడ్ కెల్లీకీ ఏం సంబంధం? కాబట్టి మీ వారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయకండి. పాప రెండు బుట్టలు చేసుకోవాలి, తేదీ దానంతట అది కలిసినవి ఒకదాంట్లో, మనుషులు పనిగట్టుకుని కలిపినవి ఒకదాంట్లో.

ఎవరూ తలచుకోని నవంబర్ 11 కూడా ఒకటుంది, అది రాస్తే టీచరు తప్పకుండా చూస్తుంది. 1869లో విక్టోరియా కాలనీ అబోరిజినల్ ప్రొటెక్షన్ యాక్ట్ అని చేసింది. పేరులో రక్షణ, లోపల ఉన్నది అదుపు. అబోరిజినల్ ప్రజలు, అంటే ఆ నేల ఆదివాసులు, ఎక్కడ ఉండాలి, ఏ పని చేయాలి, సంపాదించింది ఎవరి చేతికి పోవాలి, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలి, ఇవన్నీ ఒక బోర్డు చేతిలో పెట్టారు. ఆస్ట్రేలియా కాలనీల్లో అలాంటి సమగ్ర చట్టం అదే మొదటిది, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయిన రోజులకి కాగితం మీద పునాది ఇలాంటి చట్టాల్లోనే పడింది. బల్లారట్‌లో పదివేలమంది మాకు ఓటు కావాలన్న అదే తేదీన, పదిహేనేళ్ల తర్వాత, అదే కాలనీలో, ఆ నేల అసలు ఎవరిదో వాళ్లకి సొంత బిడ్డ మీద హక్కు లేకుండా చేశారు. దీనికి విగ్రహమూ లేదు, టీషర్టూ లేదు.

---

లైబ్రరీ మెట్లు:

మాస్టారూ, 1869ది నేను రాయాల్సింది, కెల్లీ మోజులో పడిపోయా. దండం.

---

బేకన్ వద్దు ఇడ్లీ చాలు:

ఇవన్నీ కాదు గానీ ఇప్పుడు నవంబర్ 11 అంటే ఆన్‌లైన్ సేల్ అంతే 😅

---

కాన్‌బెర్రా చలి:

😅 అదీ నిజమే.

మేడమ్ అడిగిన రెండో డౌట్ అలాగే ఉండిపోయింది, కెర్ ఆ తేదీ ఎందుకు పట్టుకున్నాడు అని. ప్రతీకలూ గిట్రా ఏమీ లేదు, క్యాలెండర్ అంతే. క్రిస్మస్ లోపు ఎన్నికలు అయిపోవాలంటే డిసెంబర్ 13న పెట్టాలి, దానికి ప్రకటన ఇవ్వడానికి ఆఖరి గడువు నవంబర్ 11 అని లెక్క తేలింది. ఆ రోజు దాటితే కొత్త సంవత్సరంలోకి పోతుంది, ఈలోగా ఖజానా ఖాళీ. అందుకే విట్లమ్ కూడా తన సెనేట్ ఎన్నికల కాగితం అదే రోజు తెచ్చాడు, ఇద్దరినీ తరిమింది ఒకే గడువు.

కానీ 1918కీ 1975కీ మధ్య నిజంగా తగిలే చోటు ఒకటుంది, మాస్టారు గారి రెండు బుట్టల్లో దేంట్లో వేస్తారో మీరే చూసుకోండి. విట్లమ్ ఆ రోజు పొద్దున్నే అపాయింట్‌మెంట్ అడిగాడు. కెర్ ఖాళీగా లేడు, రిమెంబ్రెన్స్ డే కార్యక్రమం ఉంది. విట్లమ్‌కీ పార్టీ మీటింగ్, సభలో తీర్మానం ఉన్నాయి. అందుకని మధ్యాహ్నానికి వాయిదా పడింది, ముందు పావు తక్కువ ఒంటిగంట అనుకుని తర్వాత ఒంటిగంట చేశారు. ఒంటిగంటకి సభ లంచ్ బ్రేక్. విట్లమ్ బయటికొచ్చేసరికి ఎంపీలంతా భోజనాలకి పోయి ఉన్నారు, ఆయనా పోయాడు. ఆ గంటలోనే ఫ్రేజర్ ప్రమాణం చేసేశాడు. పొద్దున పదింటికే కలిసుంటే సెనేట్‌లో తన వాళ్లకి కబురు అందేది, ఏమయ్యేదో మరి.